ఉమ్మడి చిత్రశాల - అద్దె బల్ల: ఒక పరిశీలన

స్వతంత్ర వృత్తిలో ఉన్న చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, డిజైనర్లు ఒకే చోట చేరి పనిచేసుకునే ఏర్పాటును నేడు ‘కో-వర్కింగ్’ అంటున్నారు. ఈ పేరుతో తొలి కార్యస్థలం 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. పేరు కొత్తదే గాని, భావన తెలుగువారికి కొత్త కాదు. బల్ల, కుర్చీ, ఇంటర్నెట్ అద్దెకు ఇచ్చినంత మాత్రాన ఉమ్మడితనం ఏర్పడుతుందా అన్నది ఇక్కడ పరిశీలించవలసిన అంశం.

దామెర్ల రామారావు (1897-1925) బొంబాయి జె.జె. స్కూల్లో చిత్రకళ అభ్యసించి, స్వస్థలమైన రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల నెలకొల్పారు. వరదా వెంకటరత్నం ఆయన సహచరుడు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఇద్దరూ కుటుంబ సభ్యులే కావడం ఆ వాతావరణం స్త్రీలకు కల్పించిన అవకాశాన్నీ, దాని పరిమితినీ ఏకకాలంలో సూచిస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే రామారావు మశూచితో మరణించారు. ఆయన బోధనను వెంకటరత్నం కొనసాగించారు. అక్కడ చేరినవారు అద్దెదారులు కారు, వారసులు. అందుకే వ్యక్తి పోయినా సంప్రదాయం నిలిచింది.

అయితే గురుభక్తి ఒక్కటే జీవనాధారం కాజాలదు. కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వాన 1966లో మద్రాసు సమీపంలో ఏర్పడిన చోళమండలం ఈ సమస్యను గుర్తించింది. బాతిక్ వంటి చేతిపనులు అమ్మి సంపాదించిన సొమ్ముతో కళాకారులే అక్కడ భూమి కొనుక్కున్నారు. చేతిపని కడుపు నింపగా, చిత్రం స్వేచ్ఛగా మిగిలింది.

ప్రకాశం జిల్లా దర్శి వంటి పట్టణానికి ఈ రెండు అనుభవాలూ అవసరమే. పత్తి, మిరప పంటల ప్రాంతంలో పెళ్లి ఆల్బమ్, వీడియో ఎడిటింగ్, బ్యానర్ డిజైన్ వంటి పనులకు పంట సొమ్మూ ముహూర్తాలూ ఆధారం. మూఢంలో పని ఉండదు. నెలవారీ అద్దె మాత్రం ఆగదు. కాబట్టి మహానగరపు అద్దె పద్ధతిని యథాతథంగా తెస్తే, అవసరం ఎక్కువగా ఉన్నవారే ముందుగా బయటికి పోతారు. ఇంటి పనుల నడుమ డిజైన్ పని చేసుకునే స్త్రీకి ఆ తలుపు మొదటే మూసుకుపోతుంది.

కెమెరా, ప్రింటర్ వంటి పరికరాలు ఉమ్మడిగా ఉండి, పని దొరికిన నెలలో ఎక్కువ, దొరకని నెలలో తక్కువ చెల్లించే సహకార పద్ధతి ఇక్కడి ఆదాయపు తీరుకు తగినది. ఎన్ని కుర్చీలు నిండాయన్నది అద్దెగదికి కొలమానం. పని లేని నెలలో ఎవరు నిలిచారన్నదే ఉమ్మడి చోటుకు కొలమానం.