ఓపిక గల నాటి వంట

రోగికి పథ్యము చెప్పువారు పెక్కుమంది గలరు గాని, ఆ పథ్యమును వండవలసిన చేతికి ఓపిక యెక్కడినుండి రావలెనో విచారించువారు మిక్కిలి అరుదు. వైద్యుడు చీటి వ్రాసి యిచ్చును. బంధువులు తినదగినవానిని, తినరానివానిని ఏకరువు పెట్టుదురు. ఇంతయు విని యింటికి వచ్చిన మనిషి పొయ్యి వంక చూచి, మరల మంచము వంక చూచి, తుదకు నాలుగు బిస్కట్లతో ఆ పూట గడుపును. నేనీ వారము వ్రాయబూనినది ఆ పూటను గూర్చియే.

మా యూరైన శ్రీకూర్మమునకు ఈశాన్యముగా సముద్రతీరము వెంబడి కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో వ్యాపించిన ఉద్దానమున, కొబ్బరితోటల నీడనే, మూత్రపిండముల వ్యాధి రెండు మూడు దశాబ్దములుగా కుటుంబములను క్రుంగదీయుచున్నది. మధుమేహము గాని రక్తపోటు గాని లేనివారికి సైతము వచ్చు నీ వ్యాధికి కారణమిదియని నేటికిని నిర్ధారణ కాలేదు; నికరాగువా చెరకుతోటల కూలీలును, శ్రీలంకలోని అనూరాధపుర ప్రాంతపు వరిరైతులును ఇట్టి వ్యాధికే లోనగుచున్నారు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి. చికిత్స కొంత చేరువైనది. వంట మాత్రము ఎప్పటివలె యింటనే మిగిలినది.

"వండడానికి కాదమ్మా, పొయ్యి కాడ నిలబడడానికే ఓపిక నేదు" అని ఈ వ్యాధితోనే తీసికొనుచున్న మా మేనత్త యనెడి మాటలో సోమరితనము లేశమును లేదు. మూత్రపిండములు క్షీణించిన కొలది, రక్తకణములను వృద్ధి చేయుటకు అవి పుట్టించు హార్మోను తగ్గి, ఒంట రక్తము పలుచబడును. దానిపై వారమునకు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగేసి గంటలు డయాలిసిస్ యంత్రము ప్రక్కన పరుండి వచ్చినవారికి, ఆ సాయంకాలము రెండు కాయలు తరుగుటయు మహాకార్యమే. ఆమె కనిపెట్టిన మార్గము సులభమైనది: పూటకు పూట వండుట మాని, ఓపిక గల దినమున ఓపిక లేని దినములకు వండుకొనుట.

దాచుకొను విద్య మనకు క్రొత్తది కాదు. వడియములు, అప్పడములు, ఊరమిరపకాయలు, ఆవకాయ, ఎండుచేపలు, పులిహోర పులుసు, ఇవన్నియు ఓపిక లేని పూటకై మన పెద్దలు సమకూర్చిన సంపదయే. కాని వీనిలో దాదాపు అన్నిటిని చెడకుండ కాపాడునది ఉప్పో, చింతపండో. మూత్రపిండములు చెడినవారికి పగయైనవి సరిగా అవియే. ఉప్పు దాహమును పెంచి, నీటిని ఒంట నిలిపి, రక్తపోటును హెచ్చించును. చింతపండున మెండుగా నున్న పొటాషియము బయటకు పోవు దారి లేక రక్తమున పెరిగినచో గుండె లయనే తప్పించును. ఉద్దానపు సిరులైన కొబ్బరినీరు, పనసతొనలు సైతము ఆ కారణముననే నిషిద్ధములగుట నాకు మిక్కిలి దుఃఖము కలిగించు విషయము. మేలని భ్రమించి కొందరు కొను తక్కువ సోడియము ఉప్పులో పలుమారు పొటాషియమే కలిసియుండును. దాని జోలికి పోరాదు.

ఇక ఉప్పు లేకుండ దాచుట యెట్లు? మా మేనత్త చేయునది వార్పు. ఆనపకాయనో, బీరకాయనో, దొండకాయనో, వైద్యుడు సరేయన్ననాడు బంగాళాదుంపనో చెక్కు తీసి, చిన్న ముక్కలుగా కోసి, పెద్ద గిన్నెలో నీరు సమృద్ధిగా పోసి ఉడికించి, ఆ నీటిని పూర్తిగా పారబోయును. పొటాషియములో చాల భాగము నీటితోనే పోవును. ఆవిరిపై నుడికించిన కూరకు ఈ గుణము లేదు. ఊరక నానబెట్టినచో ఫలమల్పము. సారము పోవునని బెంగపడి ఆ నీటిని చారులో కలుపుట మన స్త్రీలకు పుట్టుకతో వచ్చిన పొదుపు. ఇచ్చట ఆ పొదుపే హాని. వార్చిన ముక్కలను పూటకొక చిన్న డబ్బా చొప్పున సర్ది ఫ్రిజ్‌లో నుంచినచో, నీరసపు దినమున చేయవలసినది ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లితో పోపు మాత్రమే. ఉప్పు లేని లోటును వెల్లుల్లి చాలవరకు కప్పును. డయాలిసిస్ ఆరంభమైనవారికి మాంసకృత్తులు హెచ్చుగా కావలెను గనుక, ముందుగనే ఉడికించి పెంకుతో దాచిన కోడిగ్రుడ్లలోని తెల్లసొన వారి పాలిట వరము.

ఇంకొక మాట. పూర్వపు వంట పీటపై కూర్చుండి కత్తిపీటతో సాగెడిది. నేటి వంటగట్టు మనిషిని గంటసేపు నిలువబెట్టును. క్రిందనుండి లేచుట కష్టమైనవారు పొయ్యి ప్రక్కన ఎత్తైన కుర్చీ వేసికొనిన సగము శ్రమ తీరును. ఈ చిన్న ఏర్పాటునకు నవ్వువారిని లెక్కచేయ నక్కరలేదు.

శ్వేతపుష్కరిణి గట్టున పితృకర్మలు జరుగు మా యూరిలో, ఆనాడు వండినదే ఆనాడు తినవలెనను నియమమునకు గౌరవ మెక్కువ. కర్మకు ఆ నియమము తగినదే. దానిని రోగిష్టి వంటగదికి తెచ్చి, "నిన్నటి కూరా?" యని ఆమెను చిన్నబుచ్చుట మాత్రము అన్యాయము. పోతన భాగవతమున గోపబాలురతో కూడి కృష్ణుడు ఆరగించినది చల్దియే గదా! శుచి యనునది దాచు విధమున నున్నది: వండినది చల్లారగనే, రెండు గంటలలోపల, ఫ్రిజ్‌లో చేరవలెను, అన్నము ఒక దినమును, కూర రెండు దినములను దాటరాదు, తినునపుడు పొగలు వచ్చునట్లు కాచవలెను. మూత్రపిండ మార్పిడి జరిగినవారు పులియబెట్టిన తరవాణి వంటివి వైద్యుని అడుగక ముట్టరాదు.

ఫ్రిజ్ నొక్కదానినే నమ్మి కూర్చుండుటయు మా తీరమున క్షేమము కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు కొబ్బరిచెట్లతో పాటు విద్యుత్ స్తంభములును కూలి, ఉద్దానపు పల్లెలు దినములకొలది చీకటిలో మ్రగ్గెను. అందుచే ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకులతో వేయించిన బియ్యపు నూక, ఉప్పు లేకయే, డబ్బాలో నెప్పుడును సిద్ధముగా నుండవలెను; మరుగు నీట పోసిన పది నిమిషములలో ఒక పూట గడచును.

మీ యింటనో ప్రక్కింటనో ఇట్టి రోగి యున్నచో, "ఎట్లున్నారు?" అని అడిగి మరలిపోక, ఏ కూర యెంత తినవచ్చునో వారి రక్తపరీక్షను చూచిన వైద్యుని మాటగా తెలిసికొని, ఆదివారము నాడు ఒక గిన్నెడు ముక్కలు ఉడికించి, వార్చి, చిన్న డబ్బాలలో నింపి యిచ్చి రండు.