ఇల్లు ముందా, మానడం ముందా?

తాగుడుకు బానిసై ఇల్లూవాకిలీ పోగొట్టుకున్నవాళ్ల కోసం నడిచే సహాయక నివాసాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది మందు మానినవాళ్లది. అక్కడ చుక్క ముట్టినా బయటికి పోవాల్సిందే. రెండోది ఇంకా మానలేనివాళ్లది. అక్కడ ముందు గది ఇస్తారు, మానడం సంగతి తర్వాత చూస్తారు. అమెరికాలోని సియాటిల్ పరిసరాల్లో ఈ రెండూ ఉన్నాయి. రెండింటి మీదా పెద్ద వివాదాలే నడిచాయి.

మొదటి రకంలో పేరున్నది ఆక్స్‌ఫర్డ్ హౌస్. 1975లో మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఒక ప్రభుత్వ పునరావాస గృహం మూతపడబోతుంటే, అందులో ఉంటున్నవాళ్లే ఇంటిని అద్దెకు తీసుకుని నడుపుకోవడంతో ఇది మొదలైంది. వార్డెన్ ఉండడు. అద్దె, ఖర్చులు అందరూ పంచుకుంటారు, కొత్తవాళ్లను ఓటు వేసి చేర్చుకుంటారు, తాగినవాణ్ని పంపించేస్తారు. కఠినమైన నియమమే, కానీ అవసరమైనది. నిన్నమొన్న మానినవాడికి పక్కగదిలోంచి మందు వాసన వస్తే ఆ రాత్రి గడవడమే కష్టం. సియాటిల్‌కు ఉత్తరాన ఎడ్మండ్స్ పట్టణంలో ఇలాంటి ఇంట్లో పది పన్నెండు మంది ఉండేవారు. బంధుత్వం లేనివాళ్లు ఐదుగురికి మించి ఒకే ఇంట్లో ఉండకూడదంటూ నగరపాలకులు అడ్డుచెప్పారు. ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం నుంచి ఆ నిబంధనకు మినహాయింపు లేదని 1995లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో తేల్చింది.

ఆ ఇంటి గడప తొక్కాలంటే ముందు మానాలి. వంతెనల కింద ఏళ్లు గడిపినవాడికి అదే కొరకరాని కొయ్య. రోజంతా తాగే శరీరానికి మందు ఒక్కసారిగా ఆగిపోతే గంటల్లోనే చేతులు వణుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనిపించి, వినిపించి, మనిషికి మతి తప్పే స్థితి రావచ్చు. చికిత్స అందకపోతే ప్రాణాలే పోవచ్చు. ఫుట్‌పాత్ మీద ఉన్నవాణ్ని ‘ముందు మానెయ్, తర్వాత ఇల్లిస్తాం’ అనడమంటే ఈ గండాన్ని ఒంటరిగా దాటి రమ్మనడమే.

ఈ వరుసను తిరగేసిన పద్ధతికి 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ స్థాపించిన ‘పాత్‌వేస్ టు హౌసింగ్’ సంస్థ దారి వేసింది. తాగుడు తీవ్రంగా ఉన్నవాళ్ల కోసం అదే సూత్రంతో 2005 చివర్లో సియాటిల్‌లో 75 మందికి ఒక భవనం తెరిచారు. దాని చిరునామానే దాని పేరు: 1811 ఈస్ట్‌లేక్. ఆసుపత్రి ఎమర్జెన్సీకి, జైలుకి, మత్తు దిగేదాకా ఉంచే కేంద్రానికి ఎక్కువ ఖర్చు ఎవరివల్ల అవుతోందో జాబితా రాసి, పైనున్నవాళ్లను ముందుగా పిలిచారు. గదిలో తాగడం నేరం కాదు, చికిత్స తప్పనిసరి కాదు. సిబ్బంది రాత్రింబవళ్లు ఉంటారు. తాగుబోతులకు ప్రజల సొమ్ముతో గదులా అన్న నిరసన గట్టిగానే వచ్చింది.

దానికి జవాబు 2009లో జామా వైద్య పత్రికలో వచ్చింది. వేర్వేరు సమయాల్లో గది దొరికిన 95 మందిని, వెయిటింగ్ లిస్టులో ఉన్న 39 మందిని పరిశోధకులు పోల్చి చూశారు. గది దొరకక ముందు ఏడాదిలో మనిషికి నెలకు 4,066 డాలర్లున్న మధ్యస్థ ప్రజావ్యయం ఆరు నెలలకు 1,492కి, ఏడాదికి 958కి దిగింది. భవనం నడిపే ఖర్చు తీసేసినా, మొదటి ఆరు నెలల్లో మనిషికి నెలకు సగటున 2,449 డాలర్లు మిగిలాయి. తాగనిస్తే ఇంకా తాగుతారన్న భయమూ నిజం కాలేదు. 2012లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, మామూలు రోజున 20 పెగ్గులు తాగేవాళ్లు రెండేళ్లలో 12కి వచ్చారు. పన్నెండు కూడా ప్రమాదమే. అయినా ఎవరూ బలవంతపెట్టకుండా తగ్గినవి ఆ ఎనిమిది. నగరపాలకులను డాలర్ల లెక్క ఒప్పించవచ్చు గానీ, ఈ పనికి అసలు కారణం అది కాదు. ఒక్క డాలరు మిగలకపోయినా ఆ 75 మందికీ తలుపున్న గది దక్కాల్సిందే.

కెనడాలోని ఒట్టావాలో ఇంకో అడుగు ముందుకు వేశారు. అక్కడి షెల్టర్‌లో ఉదయం ఏడు నుంచి రాత్రి పది వరకు, అడిగినవాళ్లకు గంటకోసారి 140 మిల్లీలీటర్ల దాకా వైన్ గానీ 90 మిల్లీలీటర్ల దాకా షెర్రీ గానీ సిబ్బందే కొలిచి ఇచ్చేవారు. వణుకు మొదలవకుండా, ఒళ్లు తెలియని మత్తులోకి జారకుండా మనిషిని మధ్యలో నిలబెట్టడం దీని ఉద్దేశం. మౌత్‌వాష్ లాంటివి తాగే అవసరమూ తప్పుతుంది. 2006లో ప్రచురితమైన అధ్యయనంలోని 17 మంది సగటు వయసు 51, తాగుడు చరిత్ర సగటున 35 ఏళ్లు. ఈ పద్ధతిలోకి వచ్చాక వాళ్లు ఎమర్జెన్సీకి వెళ్లడం, పోలీసుల చేతికి చిక్కడం రెండూ తగ్గాయి.

ఇలాంటి ఇళ్లలో రోజువారీ పని చాలావరకు చిన్నచిన్న పనులే. పోయిన గుర్తింపు కార్డు మళ్లీ తెప్పించాలి. తాగుడువల్ల లోపించే బీ1 విటమిన్ మాత్ర వేసుకున్నాడో లేదో చూడాలి. తిండి మానేసి తాగేవాడి చేత రెండు ముద్దలు తినిపించాలి. ఉదయం తలుపు తెరుచుకోకపోతే వెళ్లి తట్టాలి. కాలేయం అప్పటికే పాడైన కొందరు ఈ గదుల్లోనే కన్నుమూస్తారు. పూర్తిగా మానేసినవాళ్లకు మాత్రం చుట్టూ తాగేవాళ్లుండటం పెద్ద పరీక్ష. అలాంటివాళ్లు ఆక్స్‌ఫర్డ్ తరహా ఇంటికి మారడానికి దారి ఉండాలి. అక్కడ కాలు జారినవాళ్లకు తిరిగి రావడానికీ గది ఉండాలి. ఈ రాకపోకలకు రెండు రకాల ఇళ్లూ ఒకే ఊళ్లో కావాలి.