పదకోశం దాటని గడప

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1971లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం రెండవ సంపుటం చేనేత పదాలను సేకరించింది. నేతగాని నోటిమాట అచ్చుకెక్కడం తెలుగు భాషాధ్యయనానికి జరిగిన పెద్ద మేలు. అయితే ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ ఎల్లల్లో జరిగింది. మగ్గం గదిని దాటి వంటింటి గడప తొక్కలేదు. సోలాపూర్ సాలెవాడల విషయంలో ఈ రెండు హద్దులనూ దాటక తప్పదని మా అభిప్రాయం.

సోలాపూర్‌లో తొలి నూలుమిల్లు 1877లో వచ్చింది. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు మిల్లుల్లోను, మగ్గాల మీదను పనిచేస్తూ నగరం తూర్పు పేటల్లో స్థిరపడ్డారు. వచ్చిన చోటు కూడా జొన్నసీమే కావడంతో రొట్టె మారలేదు. మరాఠీ పొరుగువారి ‘భాకరి’ అన్న మాట వచ్చి దాని పక్కన చేరింది. పుంటికూర ఇక్కడి అంగడిలో ‘అంబాడి’ అయింది. చింతపండు పులుసుకు అలవాటుపడిన నాలుకకు పల్లీలు, ఎండుమిరప, వెల్లుల్లి కలిపి దంచిన శేంగా చట్నీ తోడైంది.

వలసవారి తిండిని గురించి రాసేవారు సాధారణంగా రెండు మాటల్లో ఒకటి అంటారు: ‘సంప్రదాయాన్ని కాపాడుకున్నారు’ లేదా ‘తెలుగుతనం పోగొట్టుకున్నారు’. మొదటివారు సకినాల వంటి పండుగ వంటను చూస్తారు. రెండవవారు మారిన పేర్లను చూస్తారు. రోజువారీ సద్దిని ఇద్దరూ విప్పి చూడరు. ఇక్కడ మగవారికి మరమగ్గం పాళీలు. వేలాది ఆడవారికి బీడీల పని. బీడీ కూలి వెయ్యికి ఇంత అని లెక్క. పొయ్యి దగ్గర గడిపిన ప్రతి గడియా ఆ వెయ్యిలో తరుగే. తడిలేని చట్నీ, కరకరలాడే కడక్ భాకరి రోజుల తరబడి చెడవు. వాటికి ఆ ఇళ్లలో చోటు దొరకడానికి రుచి ఎంత కారణమో, పని వేళలూ అంతే కారణం. ఆ కారణాన్ని విడిచి వంటకాల జాబితా మాత్రమే ఇచ్చే వ్యాసం సగం వ్యాసమే.

కనుక ఆంధ్ర, తెలంగాణల వెలుపల తెలుగు చదువుతున్న మన విద్యార్థులకు ఒక మనవి. ఇంటి వంట పదాలు రాసుకునేటప్పుడు ఏది తెలుగు, ఏది మరాఠీ అని ముందే ఏరివేయవద్దు. ఎవరు వండారు, ఏ వేళ వండారు, ఎవరి సద్దికి కట్టారు అన్నవి కూడా పదం పక్కన రాయండి. అమ్మమ్మ ‘భాకరి’ అంటే ‘రొట్టె’ అని దిద్దకండి. ఆ మాటను దిద్దితే వలస చరిత్రలో ఒక పుట చెరిగిపోతుంది.