కవచంలోని చెప్పులజోడు

మతసాహిత్యంలో యుద్ధ ప్రతీక కనిపించగానే దాన్ని పలాయనవాదమని తేల్చి పక్కన పెట్టడం మన విమర్శలో అలవాటైంది. ఆ తీర్పు చాలదని నా అభిప్రాయం. శృంగవరపుకోట చుట్టుపట్ల దళితపేటల ప్రార్థనమందిరాల్లో నేను విన్న ప్రసంగాల ఆధారంగా ఈ మాట అంటున్నాను.

ఆ ప్రసంగాల్లో పదేపదే వినిపించే ఘట్టం ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరవ అధ్యాయం. విశ్వాసి సాతానుతో పోరుకు సిద్ధం కావాలి. అందుకు సత్యం దట్టి, నీతి మైమరువు, విశ్వాసం డాలు, రక్షణ శిరస్త్రాణం, దైవవాక్యం ఖడ్గం. వీటితోపాటు కాళ్ళకు జోడు. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. 'సిద్ధమనస్సు' అనే పేరును రచయిత కత్తికీ ఇవ్వలేదు, డాలుకూ ఇవ్వలేదు, చెప్పులకిచ్చాడు. ఆ చెప్పులు మోసుకుపోయేది సమాధాన వార్తను. యుద్ధ పరిభాష నడిబొడ్డున శాంతి మాట కూర్చుంది.

ఈ పత్రిక పౌలు రాశాడని సంప్రదాయం. ఆధునిక పండితుల్లో చాలామంది ఒప్పుకోరు. రాసిందెవరైనా, అందులో పలికే గొంతు సంకెళ్ళలో ఉన్న రాయబారిది. ఆనాటి సైనికుడి సామగ్రిని ఒక బందీ ఒక్కొక్కటే తీసుకుని, పేరు మార్చి, నిరాయుధుల ఒంటికి తొడుగుతున్నాడన్నమాట. తమ పోరు సాటి మనుషులతో కాదని కూడా ముందే హెచ్చరిస్తాడు.

అయితే మైమరువుకూ శిరస్త్రాణానికీ అంతకంటె పాత చరిత్ర ఉంది. యెషయా గ్రంథం 59వ అధ్యాయంలో వాటిని ధరించేవాడు దేవుడే. ఎందుకు? న్యాయం కోరిన చోట అబద్ధం గెలుస్తున్నందుకు, అన్యాయానికి అడ్డుపడే మనిషి ఒక్కడూ కనిపించనందుకు. అంటే ఈ ప్రతీక పుట్టుకే సామాజికం.

మరి మన ప్రసంగాల్లో దానికేమైంది? నేను విన్నంతలో ఆ కవచం తాగుడికీ, జూదానికీ, చెడు తలంపులకూ ఎదురుగా నిలుస్తోంది. తాగుడు చిన్న శత్రువేమీ కాదు. ఆ సంగతి ఇంట్లో ఆడవాళ్ళనడిగితే చెబుతారు. కాని కూలి ఎగ్గొట్టే ఆసామి, వడ్డీ కింద పొలం కలుపుకునే షావుకారు ఆ యుద్ధరంగంలోకి రావడం అరుదు. వస్తువు లోపలికి ముడుచుకుపోయింది. మరికొన్ని చోట్ల ఇంకో వక్రీకరణ ఉంది: పైడితల్లి జాతరకు వెళ్ళే పొరుగువాడే శత్రువవుతాడు. ఇది మూలంలోని హెచ్చరికకే ద్రోహం. యుద్ధభాష మనుషుల మీదికి మళ్ళితే ఏమవుతుందో, 2008లో పొరుగున ఒడిశా కంధమాల్‌లో తగలబడిన క్రైస్తవుల ఇళ్ళే చెబుతాయి.

ఇంతమాత్రాన ఆ శ్రోతలను మత్తులో ఉన్నవాళ్ళని కొట్టిపారేయలేం. 1844లో మతాన్ని మత్తుమందుతో పోల్చిన మార్క్స్, అదేచోట అందులో పలికే పీడితుల వేదననూ గుర్తించాడు. ఆ వేదనను మన నేల మీద వినాలంటే మళ్ళీ చెప్పుల దగ్గరికే రావాలి. పెద్దకులాల వీధిలో దళితుడు చెప్పులు విప్పి చేతబట్టుకు నడవాలన్న ఆచారం తెలుగు పల్లెల్లో ఉండేది. తోలు పదునుపెట్టి ఆ చెప్పు కుట్టే మాదిగకే దాన్ని తొడుక్కునే హక్కు లేదు. జాషువా 1941లో 'గబ్బిలం' నాయకుడిగా ఎంచుకున్నది ఆ కులం మనిషినే. అలాంటి మనిషితో, లేచి జోడు తొడుక్కుని నిలబడమని ఒక గ్రంథం అంటే, ఆ మాట విశాఖపట్నంలో ఒకలా, పేటలో మరోలా వినబడుతుంది. పాత తెలుగులో జోడు అంటే కవచమన్న అర్థం కూడా ఉంది. ఈ శ్లేష అనువాదకులు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, భాష దాన్ని దాచిపెట్టింది.

బొబ్బిలి కథ విన్న చెవులకు డాలూ, దట్టీ కొత్త కాదు. 1757 నాటి ఆ యుద్ధగాథలో కథానాయకత్వం దొరలది. ప్రార్థనమందిరంలో అదే సామగ్రి కంబారి ఒంటి మీదికి వచ్చింది. ప్రతీక చేతులు మారింది. ఇది సాహిత్య చరిత్రలో చిన్న సంఘటన కాదు.

ఈ కొలత మన కవిత్వానికీ వర్తిస్తుంది. 1969లో హతుడైన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఉద్యమానికి తెచ్చినప్పుడు, శత్రువెవరో వినే గిరిజనుడికి తెలుసు. ఆ తరవాత మనవాళ్ళు రాసిన ఎన్నో కవితల్లో కత్తులూ, నెత్తురూ ఉన్నాయి. ఎదుట నిలిచినవాడి ముఖం లేదు. శత్రువు రూపం చెప్పని యుద్ధగీతం మనదైనా, మందిరానిదైనా ఆవేశాన్ని ఖర్చు పెట్టిస్తుంది తప్ప మనిషిని సిద్ధం చెయ్యదు.

కాబట్టి ఏ యుద్ధ ప్రతీకనైనా మూడు ప్రశ్నలడగాలి. ఆయుధం ఎవరి చేతిలో ఉంది? ఎదుట ఉన్నదెవరు? పోరు ముగిశాక మిగిలేదేమిటి? ఆ పత్రిక మూడో ప్రశ్నకు చెప్పులతో జవాబిచ్చింది. మొదటి ప్రశ్నకు పేటలు జవాబిచ్చాయి. రెండోదానికి జవాబు ప్రసంగీకులూ చెప్పాలి, కవులూ చెప్పాలి.