‘ఇది ఒక ఆవు’ అని ఏ అవ్వ అనింది?

పోయిన వేసవి సెలవుల్లో డెంకణికోట దగ్గర మా చిన్నాయన మనవరాలికి తెలుగు చెప్పే పని నా నెత్తిన పడింది. ఆ పిల్లకు ఆరేండ్లు. బడిలో తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో మన తెలుగు. చేతికి ఒక పుస్తకం ఇచ్చినారు, పిల్లోళ్లకు చిన్న చిన్న వాక్యాలు నేర్పే రకం, రంగు బొమ్మలది. పేరు చెప్పను. ఇట్లాంటివి అంగళ్లలో పది దొరుకుతాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి.

మొదటి పుటలో ఆవు బొమ్మ. కింద ‘ఇది ఒక ఆవు’. పిల్ల కూడబలుక్కోని చదివి, నా మొగం చూసి అడిగింది: ‘ఒగటే ఆవా పెదనాయనా? తక్కినవి యాడికి పోయినాయి?’

నవ్వొచ్చింది గానీ, తప్పు పిల్లది కాదు. తెలుగులో ‘ఒక’ అంటే లెక్క. ‘ఇది ఆవు’ అంటే చాలు, వాక్యం అయిపోయింది. క్రియ కూడా అక్కర్లేదు. ఇంత చిన్న వాక్యం మన భాషలో ఉండగా, ఇంగ్లీషులో ఆవు ముందు ఒక తోక ఉంటుందని ఇక్కడా తగిలించినారు. 9వ పుటకు పోతే ఇంకా ఘోరం: ‘నేను ఒక తమ్ముడిని కలిగి ఉన్నాను’. హోసూరు నుంచి తళి దాకా, బాగలూరు నుంచి వేపనపల్లి దాకా తిరిగి అడగండి, ఈ మాట అన్న మనిషి దొరికితే చెప్పండి. ‘నాకు తమ్ముడుండాడు’ అంటాం. ఆకలైనా నాకే, భయమైనా నాకే, తెలిసినా నాకే, కావాలన్నా నాకే. పసిపిల్ల నోట పొద్దున్నుంచి వచ్చే మాటల్లో సగం ‘నాకు’తోనే మొదలవుతాయి. పుస్తకమంతా వెదికినాను, ‘నాకు’తో మొదలయ్యే వాక్యం ఒకటీ లేదు. అన్నీ ‘నేను’లే.

‘నేను అన్నం తింటాను. నేను నీళ్లు తాగుతాను. నేను నిద్రపోతాను.’ తింటాను అన్నప్పుడే చివర ‘ను’ ఉంది కదా, తినేది ఎవరో అదే చెప్తుంది. మూడు ‘నేను’లు ఎందుకు? చిన్న వాక్యమంటే తునకలు చేసిన వాక్యం అనుకున్నారు రాసినవాళ్లు. తెలుగు వాక్యం పెరిగే దారి వేరు. ‘బువ్వ తిని, నీళ్లు తాగి, పండుకుంటాను.’ ఈ ‘తిని, తాగి, పోయి, వచ్చి’ని నాలుగేండ్ల బిడ్డ కూడా ఎవరూ నేర్పకుండానే వాడుతుంది. నేను పుస్తకం మూసి, దాన్నే ఆట చేసినాను. ఒక మాట నాది, ఒక మాట దానిది. ‘లేసి’ అన్నాను. ‘మొగం కడుక్కోని’ అనింది. ‘సంగటి తిని’ అన్నాను. ‘ఎనుమును చూసి, భయపడి, ఇంట్లోకి పరిగెత్తినాను’ అని తనే ముగించింది. ఆరేండ్ల పిల్ల కట్టిన వాక్యం ఇది. పుస్తకం దీన్ని ‘పెద్ద వాక్యాలు’ అని ఆఖరికి తోసేసింది.

‘మరియు’ సంగతి ఎక్కువ చెప్పను. ‘రాము మరియు సీత బడికి వెళ్ళుచున్నారు’. అమ్మ మరియు నాయన అని పిలిచే ఇల్లుంటే వాళ్లు కొనుక్కోవచ్చు ఈ పుస్తకం. మనం మాట చివర దీర్ఘం తీస్తాం, ‘రామూ సీతా’ అంటాం, కలిసిపోతారు.

ఇంకో ముఖ్యమైన చోటు ఈ పుస్తకానికి తెలియనే తెలియదు. తెలుగులో అమ్మ వచ్చింది, ఆవూ వచ్చింది, ముగింపు ఒకటే. తమిళంలో రెండూ వేరు. అవతల కోలారు పక్క మనవాళ్లకు కన్నడంలోనూ అంతే, అమ్మ ‘బందళు’, ఆవు ‘బంతు’. మా పిల్ల తమిళ నోటుబుక్కులో ‘అమ్మా వందదు’ అని రాసి దిద్దించుకొచ్చింది. అది తెలివితక్కువ కాదు, తెలుగు లెక్కను తమిళంలో వేసింది. రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి చూపిస్తే అయిదు నిమిషాల్లో పట్టుకునింది. రెండు భాషల మధ్య పెరిగే మన పిల్లోళ్లకు ఈ పాఠం కావాలి. హైదరాబాదు పిల్లోళ్ల కోసం అచ్చేసిన పుస్తకంలో అది ఉండదు.

2006లో తమిళం నేర్చుకోవాలనే చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి ఎక్కుతూ 2015-16కు పదో తరగతికి చేరింది. తమిళం మీద నాకు కోపం లేదు, ఈ నేల మీద బతికేవాళ్లకు అది కావాల్సిందే. అయితే మా పిల్లకు తెలుగుకని మిగిలింది వారానికి ఒక గంట. ఆ గంటలో ఏమి చెప్తున్నాం?

నా తప్పు నేనే చెప్తాను. పిల్ల ‘అవ్వ కొట్టం కాడ ఉండాది’ అని రాసింది. నేను పుస్తకం చూసుకోని, ఎర్ర పెన్నుతో ‘ఉన్నది’ అని దిద్దినాను. పిల్ల కాసేపు చూసి, ‘అయితే అవ్వకు తెలుగు రాదా?’ అని అడిగింది. పక్కనే అవ్వ అలసందలు ఒలుస్తా ఉండాది. నాకు నోరు రాలేదు.

రేపు పేపరు చదవొద్దా, పుస్తకాలు చదవొద్దా అని మీలో కొందరు అడుగుతారు. చదవాలి. ‘ఉన్నది’ కూడా రావాలి, ఎనిమిదేండ్లకో తొమ్మిదేండ్లకో, ‘ఉండాది’ పక్కన కూర్చోని రావాలి. 1936లో ఒడిశాలో కలిసిన పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవరలోనే వాచకాలు తయారుచేసినాడు. సవర నోళ్లను తెలుగులోకి తిప్పి ఆపైన చదువు చెప్దామనుకోలేదు. మన అవ్వల తెలుగుకు ఆపాటి మర్యాద కూడా మనం ఇవ్వడం లేదు.

ఆ పుస్తకంలో మంచి లేదని కాదు. అక్షరాలు పెద్దవి, బొమ్మలు బాగున్నాయి. ఆఖర్లో ఏడు చేపల కథ వేసినారు. పిల్ల రెండుసార్లు చదివిన పుట అదొక్కటే. ఎందుకంటే అక్కడ ప్రశ్న కట్టు ఒకటే, పేరు మారుతుంది, క్రియ మారుతుంది. మూడోసారికి పిల్ల జవాబు తనే ముందు చెప్పేస్తుంది. పాత కథ చేసిన పనిని ముందరి నలభై పుటలూ చేయలేదు.

ఇప్పుడు ఒక రూళ్ల నోటుబుక్కు పెట్టుకున్నాం. మొదటి పుటలో ఆవు బొమ్మ పిల్లే వేసింది, కాళ్లు అయిదు వచ్చినాయి. కింద తనే రాసింది: ‘మా ఆవు. పేరు గౌరి. నిన్న ఈనింది. అవ్వ కొట్టం కాడనే ఉండాది.’ ఈసారి ఎర్ర పెన్ను తీయలేదు.