ఏ భాషలో అడగాలి?

ఆలేరు అంగన్‌వాడీలో రెండేండ్ల పిల్లాడికి ఏయే మాటలు వచ్చాయో తెలుసుకోవాలంటే నేను ముందు కూర్చునేది వాడి నాయినమ్మ దగ్గర. తల్లి పొద్దున్నే కూలికో మగ్గం పనికో పోతుంది, పగలంతా వాడితో ముచ్చట పెట్టేది ఆమే. "మాటలు ఎన్నొచ్చినయి?" అంటే ఎవరూ చెప్పలేరు. "ఆకలైతే ఏమంటడమ్మా? కోడిని చూస్తే? నాయిన ఏడున్నడంటే?" అని ఒక్కొక్కటే అడగాలి. అప్పుడు గంపెడు మాటలు బయటికొస్తాయి.

ఇంటివాళ్లను అడిగి గుర్తుపెట్టే ఈ పద్ధతికి పేరున్న నమూనా మెకార్థర్-బేట్స్ పట్టిక. అది అమెరికాలో ఇంగ్లిషు పిల్లల కోసం తయారైంది. ట్విలా టార్డిఫ్, పాల్ ఫ్లెచర్ బృందం 2008లో చైనా పిల్లలకు పట్టికలు తెచ్చినప్పుడు మాండరిన్‌కు ఒకటి, కాంటనీస్‌కు ఒకటి విడిగా చేసింది. ఆ భాషల్లో గొంతు ఎత్తి దించే తీరు మారితే అర్థమే మారిపోతుంది. క్రియ మాత్రం మన తెలుగులోలాగా ఆడ, మగ తేడాతో మారదు. వస్తువులు లెక్కపెట్టాలంటే ఒక్కో రకానికి ఒక్కో మాట చేర్చాలి. ఆ పిల్లల్లో చూడాల్సినవి అవి.

మన పిల్లల్లో చూడాల్సింది క్రియ చివర. "నాయిన పోయిండు", "అమ్మ పోయింది" అని మూడేండ్ల పాప తేడా పట్టి అందంటే ఎంత వ్యాకరణం నేర్చిందో! రెండేసి మాటలే కదా అని లెక్కేస్తే ఆ నేర్పు కనబడదు. "రాలె" అన్న పాపకు "రాలేదు" అనలేదని మార్కు తగ్గించడానికి నాకు మనసొప్పదు. ఇంట్లో అందరూ అట్లే అంటారు, పాప సరిగ్గానే నేర్చుకుంది.

తుర్కపల్లి వైపు తండాల పిల్లలకు ఇంట్లో లంబాడీల గోర్ బోలి, అంగన్‌వాడీలో తెలుగు. తెలుగులోనే అడిగితే మాటలు రాని పిల్లలని రాసేస్తాం. రెండు భాషల్లో వచ్చినవీ కలిపి చూడాలి, అందుకు తండా మనిషి పక్కన ఉండాలి.

అట్లని "వాళ్ల నాయినకూ ఆలస్యంగనే వచ్చినయి" అని ఊరుకోవద్దు. రెండేండ్లు నిండినా రెండు మాటలు కలపకపోయినా, పిలిస్తే తిరగకపోయినా ముందు చెవులు పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు వచ్చినప్పుడు చూడాల్సినవాటిలో మాటల ఆలస్యం కూడా ఉంది. అడిగి చూపించుకోండి. పెద్ద పరీక్షలకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి, మాట లోపాలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కేంద్రం ఉంది, ఆలేరులో రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగొచ్చు. ఒక రోజు కూలి పోతుంది, నిజమే. కానీ వినికిడి లోపం ఉంటే చెవి మిషన్ ఎంత తొందరగా పెడితే మాట అంత బాగా వస్తుంది. బడిలో వేసినంక చూద్దామని ఆగొద్దు.