ఆరుబయట నేర్చే తైలవర్ణ విద్య

బొమ్మలు వేయడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ముందుగా ప్రకృతి దృశ్యాన్నే ఎంచుకుంటారు. ముఖచిత్రంలో ముక్కు వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఇంటిల్లిపాదీ పట్టేస్తారు; చెట్టుకొమ్మ జానెడు పక్కకు జరిగినా ఎవరూ అడగరు. ఆకారం దగ్గర ఇంత వెసులుబాటు ఉంది కనుక ఇది తేలిక విద్య అన్న అభిప్రాయం స్థిరపడింది. కానీ ప్రకృతి దృశ్యంలో కష్టం ఆకారంలో లేదు, వెలుగులో ఉంది. చెట్టు ఏ ఆకారంలో ఉన్నా చెల్లుతుంది. ఆ చెట్టు వెనక ఉన్న ఆకాశం కంటే ఎంత ముదురుగా ఉండాలో, కింద ఉన్న నేల కంటే ఎంత చల్లగా ఉండాలో తప్పితే మాత్రం బొమ్మ మొత్తం కాగితపు పూలదండలా నిర్జీవమైపోతుంది. తైలవర్ణాలతో ప్రకృతిని చిత్రించడం నేర్చుకోవడమంటే ప్రధానంగా ఈ సంబంధాలను కంటితో కొలవడం నేర్చుకోవడమే. ఆ కొలత ఆరుబయట, కదిలిపోతున్న వెలుగు ఎదుట, తక్కువ సమయంలో వేసే చిన్న చిన్న అధ్యయనాల వల్లనే అబ్బుతుందన్నది ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచిన మాట.

ఉన్నది ఉన్నట్టు వేయడం సాధ్యం కాదన్న సంగతి దగ్గర మొదలుపెట్టాలి. ఎండలో తళతళలాడే ఏటి నీటికీ, గట్టు మీది మర్రిచెట్టు తొర్రలోని చీకటికీ మధ్య ప్రకాశంలో వేలరెట్ల తేడా ఉండవచ్చు. పాలెట్ మీద ఉన్న అతి తెల్లని తెలుపుకూ అతి నల్లని నలుపుకూ మధ్య తేడా కొన్ని పదుల రెట్లు దాటదు. ఇంత చిన్న సంచిలో అంత పెద్ద లోకాన్ని సర్దాలి. కాబట్టి చిత్రకారుడు ప్రతి మధ్యాహ్నం కొన్ని నిర్ణయాలు తీసుకోక తప్పదు. నీటి మెరుపును కాపాడాలంటే ఆకాశాన్ని కొంచెం తగ్గించాలి. నీడలో రంగులు కనబడాలంటే ఎండ భాగాన్ని ఒక మెట్టు కిందికి దించాలి. ఏ ఒక్క రంగూ ప్రకృతిలో ఉన్న రంగు కాదు. వాటి మధ్య వరస మాత్రం ప్రకృతిలో ఉన్న వరసే. ఈ లేతముదురుల స్థాయినే చిత్రకారులు టోన్ అంటారు. పచ్చని చెట్టును ఎర్రగా వేసినా, టోన్ సరిపోతే కన్ను ఒప్పుకుంటుంది. టోన్ తప్పిన చెట్టుకు ప్రపంచంలోని ఖరీదైన ఆకుపచ్చలన్నీ పూసినా అది నిలబడదు.

ఈ కొలతకు శతాబ్దాలుగా నిలిచిన పద్ధతులున్నాయి. కళ్లు చికిలించి చూడటం వాటిలో మొదటిది. అలా చూస్తే ఆకులు, గడ్డిపోచలు, పెంకులు మాయమై, దృశ్యం నాలుగైదు పెద్ద ముద్దలుగా విడిపోతుంది. ఆ ముద్దలను పలచటి గోధుమరంగుతో క్యాన్వాసు మీద గుర్తించి, ప్రతి ముద్దకూ ఒకే ఒక టోన్ ఇచ్చి, ఆ తర్వాతే లోపలి వివరాలకు వెళ్లాలి. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో బోధించిన జాన్ కార్ల్‌సన్ 1929లో ప్రచురించిన పుస్తకంలో ఈ ముద్దలకు ఒక వరస చెప్పాడు. వెలుగు ఆకాశం నుంచి వస్తుంది కనుక అన్నిటికంటే లేతది ఆకాశం. ఆ వెలుగును నేరుగా అందుకునే సమతల నేల తర్వాతిది. ఏటవాలుగా ఉన్న కొండలు దానికంటే ముదురు. నిటారుగా నిలిచిన చెట్లు అన్నిటికంటే ముదురు. మంచు కప్పిన నేల వంటి చోట్ల ఈ వరస మారుతుంది. మన ఎండలో మరింత మారుతుంది. వేసవి మధ్యాహ్నం గోదావరి ఇసుక తిన్నె ఆకాశంతో పోటీపడుతుంది. సున్నం కొట్టిన గుడి గోడ ఆకాశాన్ని మించిపోతుంది. అంతమాత్రాన కార్ల్‌సన్ సూత్రం పనికిరానిదైపోదు. వరస తెలిసినవాడికే అది ఎక్కడ తప్పిందో కనిపిస్తుంది, తప్పిన చోటే ఆ దృశ్యం ప్రత్యేకత ఉంటుంది. దూరం సంగతీ అంతే. మధ్యలో గాలి పొర మందమయ్యేకొద్దీ దూరపు కొండలు నీలిబారతాయనీ, వాటి ముదురులు పలచబడతాయనీ లియొనార్డో డావిన్చీ తన రాతల్లో వివరించాడు. కోస్తాలో వర్షం వెలిసిన మర్నాడు కడిగినట్టుండే గాలిలో అవే కొండలు చేతికందేంత దగ్గరకొస్తాయి. అది సూత్రానికి విరోధం కాదు, దానికి రుజువు.

ఇక ఆరుబయటే ఎందుకన్న ప్రశ్న. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. నీడలు వాటి చోట్లు వదిలేస్తాయి. ఫ్రెంచి చిత్రకారుడు వలెన్సియెన్ 1800లో వెలువరించిన గ్రంథంలో, బయట వేసే అధ్యయనం రెండు గంటలు మించకూడదనీ, సూర్యోదయ సూర్యాస్తమయాలకైతే అరగంటతోనే చాలించాలనీ కచ్చితంగా చెప్పాడు. అంతకు ముందే రోమ్‌లో ఆయన ఒకే ఇళ్లకప్పులను ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి వేసి చూపించాడు. మోనే గడ్డివాములను వేరువేరు వేళల్లో చిత్రించిన 1890–91 నాటికి ఆ ఆలోచనకు నూరేళ్ల వయసుంది. 1841లో జాన్ రాండ్ తగరపు ట్యూబు కనిపెట్టాకే చిత్రకారులు బయటకు వచ్చారని తరచు రాస్తుంటారు. ట్యూబు వల్ల పని ఎంతో సులువైన మాట నిజమే. కానీ పంది మూత్రాశయపు తిత్తుల్లో రంగు కట్టుకుని, సూదిమొనతో గుచ్చి పిండుకునే రోజుల్లోనే ఈ సాధన బలపడింది. పరికరం వచ్చి విద్యను పుట్టించలేదు. విద్య అవసరం కొద్దీ అంత కష్టాన్నీ భరించారు. ఇంగ్లిషు చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1821, 1822ల్లో లండన్ శివారు హాంప్‌స్టెడ్‌లో మేఘాలను మాత్రమే పదులకొద్దీ వేసి, చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి వీచిన దిక్కు రాసుకున్నాడు. 1824లో పారిస్ సలోన్ ప్రదర్శనలో ఆయనకు బంగారు పతకం తెచ్చిన 'హే వెయిన్' చిత్రంలోని ఆకాశం వెనక ఈ చూపే ఉంది. మనకు ఇంకో ఇబ్బంది ఉంది. మన అక్షాంశాల్లో సూర్యుడు నిటారుగా పైకెక్కుతాడు కనుక, ఉదయసంధ్య బంగారు వెలుగు ఇంగ్లండులో నిలిచినంతసేపు మన దగ్గర నిలవదు. అంటే మనవాళ్లకు మరింత వేగంగా ముద్దలు పట్టే అలవాటు కావాలి.

చేతిలో ఫోను ఉండగా ఈ తిప్పలెందుకని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కెమెరా ఒక క్షణాన్ని ఆపుతుంది కదా, ఇంట్లో కూర్చుని తీరిగ్గా వేసుకోవచ్చు కదా అని. చిక్కు ఏమిటంటే, కెమెరా ఆపేది ఆకారాన్ని. సంబంధాలను అది తనకు తోచినట్టు మార్చేస్తుంది. పాత కెమెరా ఆకాశానికి సరిపడేలా తీస్తే నీడలు నల్లటి గుంతలయ్యేవి. నీడకు సరిపడేలా తీస్తే ఆకాశం తెల్లబారిపోయేది. నేటి ఫోన్లు కొన్ని ఫొటోలను కలిపి ఒకటి చేసి, నీడలను పైకి లేపి, ఆకాశాన్ని కిందికి దించి అంతా సమం చేస్తాయి. చిత్రకారుడు తీసుకోవలసిన నిర్ణయాలను ఫోను ముందే తీసేసుకుంటుంది. నీడలో కన్ను చూసే ఊదా, ఆకాశపు నీలం నేల మీద పడి నీడకిచ్చే చల్లదనం ఫొటోలో చాలావరకు దక్కవు. ఫొటోను చూసి వేసిన బొమ్మల్లో నీడలన్నీ నలుపు కలిపినట్టు ఉండడానికి కారణం ఇదే. బయట వందలకొద్దీ అధ్యయనాలు వేసినవాడు ఫొటోను జ్ఞాపకానికి వాడుకోవచ్చు, దాని తప్పులు అతనికి తెలుసు కనుక. నేర్చుకునేవాడికి ఆ రక్షణ లేదు.

ఇక పదార్థం సంగతి. మన కళాశాలల్లో, చిత్రకళా శిక్షణ కేంద్రాల్లో దీన్ని చాలా నిర్లక్ష్యం చేస్తున్నారని నా అభిప్రాయం. తైలవర్ణంలో రంగుపొడిని పట్టి ఉంచేది ఎక్కువగా అవిసె గింజల నూనె. అది నీళ్లలా ఆవిరై ఆరదు; గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. పై నుంచి మొదలై లోపలికి ఆరుతుంది కనుక, మందంగా వేసిన చోట పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉండిపోవచ్చు. అందుకే కింది పొరల్లో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ అన్న నియమం. మొదటి పూతను టర్పెంటైన్‌తో పలచబరచాలి. దాని మీది పూతల్లో నూనె పాలు పెంచాలి. ఈ వరస తిరగబడి, నూనె ఎక్కువున్న మెత్తటి పొర మీద నూనె తక్కువున్న గట్టి పొర పడితే, కిందిది ఇంకా కదులుతుండగా పైది బిగుసుకుని పగుళ్లు వస్తాయి. రంగులు ఆరే వేగమూ ఒకటి కాదు. అంబర్‌లో మాంగనీసు ఉంది కనుక అది త్వరగా ఆరుతుంది. దీపపు మసి నుంచి చేసిన నలుపు చాలా రోజులు తడిగానే ఉంటుంది. నూనె నేరుగా గుడ్డకు తగిలితే నార క్రమంగా పెళుసైపోతుంది. క్యాన్వాసుకు ముందు జిగురు, దాని మీద తెల్లటి పూత వేయడం అందుకే. ఇవన్నీ చాదస్తాలు కావు. బ్రిటిష్ రాయల్ అకాడమీ తొలి అధ్యక్షుడు జాషువా రేనాల్డ్స్ నిలవని ఎరుపులు వాడిన చిత్రాల్లో ముఖాలు ఆయన బతికుండగానే పాలిపోయాయి. వాన్ గో పడకగది చిత్రంలోని గోడలు ఆయన వేసినప్పుడు లేత ఊదారంగులో ఉండేవి. అందులోని ఎరుపు వెలిసిపోయి, ఇవాళ మనం చూస్తున్నది నీలం. అంతటి ప్రతిభ కూడా రసాయనం ముందు ఓడిపోయిందంటే, నేర్చుకునేవాళ్లు ట్యూబు మీద రాసి ఉన్న మన్నిక గుర్తును చదవడం అలవాటు చేసుకోవలసిందే.

త్వరగా ఆరే యాక్రిలిక్ ఉండగా ఇంత నిదానపు మాధ్యమం దేనికనేవాళ్లున్నారు. ఆ నిదానమే దీని విలువ. కొండ అంచు ఆకాశంలో కరిగే చోట రెండు తడి రంగులను ఒకదానిలోకి ఒకటి లాగవచ్చు. ఒకవైపు పదునుగా, మరోవైపు మెత్తగా అంచును మలచవచ్చు. గంట గడిచాక టోన్ తప్పిందనిపిస్తే పాలెట్ నైఫ్‌తో గీకేసి అదే చోట మళ్లీ పెట్టవచ్చు. ఆరిన తర్వాత రంగు దాదాపు తడిగా ఉన్నప్పటి స్థాయిలోనే ఉంటుంది. యాక్రిలిక్ ఆరాక సాధారణంగా కొంత ముదురుతుంది. టోన్ నేర్చుకునేవాడికి ఇది పెద్ద సాయం. పెట్టెనిండా ట్యూబులు కూడా అక్కర్లేదు. తెలుపు, ఒక చల్లటి పసుపు, ఎల్లో ఓకర్, ఒక ఎరుపు, అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా ఈ దశకు చాలు. ఆకుపచ్చను ట్యూబులోంచి కాక నీలం, పసుపు కలిపి తెచ్చుకున్నవాడికే వరిమడి పచ్చకూ, వేపాకు పచ్చకూ, కొబ్బరిమట్ట పచ్చకూ తేడా చేతికొస్తుంది.

ఈ నియమాలన్నీ పాటిస్తే అందరూ ఒకేలా వేస్తారు, సొంత గొంతు చచ్చిపోతుంది అన్న అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. దానికి చరిత్రే జవాబు చెబుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు కోరో 1826లో ఇటలీలోని నార్ని వంతెన దగ్గర వేసిన చిన్న అధ్యయనం ఇప్పుడు పారిస్‌లోని లూవ్ మ్యూజియంలో ఉంది. దాన్నే పెంచి, మరుసటి ఏడాది సలోన్‌కు పంపిన పెద్ద చిత్రం కెనడాలోని ఒట్టావాలో ఉంది. పెద్దదానిలో ఆనాటి సంప్రదాయం కోరిన పొందికంతా ఉంది. కానీ కోరో కన్ను కనిపించేది చిన్నదానిలోనే. నియమంతో, తక్కువ సమయంలో, ఎదుట ఉన్నదానికి లొంగి వేసినప్పుడే ఆయన ఆయనలా ఉన్నాడు. మరో ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ సంగతీ చూడండి. సొంత గొంతు విషయంలో ఆయనను మించినవాళ్లు అరుదు. ఆయన సుమారు 1872లో తోటి చిత్రకారుడు పిస్సారో వేసిన లూవ్‌సియెన్ దృశ్యాన్ని కూర్చుని నకలు తీశాడు. పిస్సారో పక్కన నిలబడి పొంత్వాజ్ పొలాల్లో చిత్రించాడు. ఆ తర్వాతే ఆయన రంగులు తేలికపడ్డాయి. శైలిని ముందే ఎంచుకుని ప్రకృతి మీద రుద్దేవాళ్లు మాత్రం పదేళ్లకూ అదే నాలుగు తాటిచెట్లు వేస్తూ ఉంటారు.

తైలవర్ణం మనది కాదు, ఇంత శ్రమ ఎందుకు అనేవాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. అఫ్ఘానిస్తాన్‌లోని బమియాన్ గుహల్లో ఏడో శతాబ్దపు బౌద్ధ చిత్రాల్లో ఆరే నూనెలు వాడినట్టు 2008లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. యూరప్‌లో ఈ విద్య పుంజుకోవడానికి అది ఎన్నో శతాబ్దాల ముందు. మన దగ్గర కొరత నేర్పేవాళ్లదే. చిత్రకారుడు రవివర్మకు తిరువాన్కూరు ఆస్థానంలో తైలవర్ణ రహస్యాలు చెప్పేవాళ్లు కరువై, 1868లో అక్కడికి వచ్చిన యూరప్ చిత్రకారుడు థియొడోర్ జెన్సన్ పని చేస్తుంటే చూసి నేర్చుకోవలసి వచ్చింది. రాజమహేంద్రవరంలో కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆంగ్లేయుడు కూల్డ్రే ప్రోత్సాహంతో చిత్రకారుడు దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లగలిగాడు, 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లయినా నిండలేదు. ఆయన పేరిట ఉన్న చిత్రశాల గోదావరి ఒడ్డున ఆ ఊళ్లోనే ఉంది. ఒకరు తలుపు తెరిస్తే ఎంత దూరం పోవచ్చో, మూసి ఉంచితే ఎంత కాలం వృథా అవుతుందో ఈ ఇద్దరి జీవితాలూ చూపిస్తాయి.

అందుకే చిత్రకళ బోధించేవాళ్లకు ఒక విన్నపం. మొదటి సంవత్సరంలోనే విద్యార్థులను వారానికి ఒక పూట ఏటిగట్టుకో, చెరువు కట్టకో, బస్టాండు ఎదుటి వేపచెట్టు కిందికో తీసుకెళ్లండి. అడుగు వెడల్పు మించని అట్ట, ఆరు రంగులు, ఒక పందివెంట్రుకల బ్రష్షు, గంట సమయం ఇవ్వండి. వేసిన ప్రతి అధ్యయనం వెనక తేదీ, వేళ రాయించండి. మార్కులు పోలికకు కాక టోన్‌కు వేయండి. సొంతంగా నేర్చుకునేవాళ్లు ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. రేపు ఉదయం ఏడు గంటలకు ఇంటి డాబా ఎక్కి, ఎదురింటి గోడ ఆకాశం కంటే లేతగా ఉందో ముదురుగా ఉందో కళ్లు చికిలించి చూసి, ఆ రెండు రంగులే కలపడంతో మొదలుపెట్టండి.